రుచి చూచుట వేరు, త్రాగుట వేరు

మేము జపానుదేశమందలి క్యోటో నగరమునకు బోయి వచ్చితిమనియు, అచ్చటి బియ్యపు మద్యమగు సాకేను గూర్చి యీ నెలలో వ్రాయుదుమనియు క్రిందటి సంచికలో దెలిపియుంటిమి. ఆ సంచిక వెలువడిన వారము దినములలో నొక సోదరి మాకు జాబు వ్రాసినది. జాబు చిన్నది. "మా యింట నిరువదియేండ్లు సీసాయే పెత్తనము చేసినది. నగలు పోయినవి, పొలము పోయినది, కడపట మనిషియు బోయినాడు. అట్టి వస్తువులో నిది మేలు, అది మేలు అని రుచులెంచుటకు మీకు స్త్రీల పత్రికయే దొరకినదా?" అని యామె ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనది. దానికి బదులు చెప్పక సాకే మాట యెత్తుట మాకు దగదు. కాని మా బదులంతయు మేము చూచినదానిలోనే యున్నది. కావున చూచినది చూచినట్లు ముందుగా జెప్పెదము. న్యాయాన్యాయముల మాట పిమ్మట.

క్యోటోకు దక్షిణభాగమున ఫుషిమి యను పేట కలదు. మంచి యూటనీటికిని, సాకేకును అది ప్రసిద్ధికెక్కిన చోటు. మా మేనకోడలు క్యోటోలో జదువుకొనుచున్నది. ఆమెయే మమ్ము నచ్చటి కొక చిన్న కార్ఖానాకు దీసికొనిపోయినది. బయలుదేరు నాటి యుదయమున నామె మాకు రెండు నియమములు పెట్టినది. "అత్తయ్యా, నేడు నత్తో ముట్టకుడు. తలలో బూలు వద్దు, అత్తరును వద్దు." నత్తో యనగా పులియబెట్టిన సోయాగింజలు. అందలి సూక్ష్మజీవి మిక్కిలి మొండిది. చేతులకంటి లోనికి బోయినచో సాకే తయారీకి మూలమైన కోజిని చెరచునట. పూల మాట మాకు బోధపడలేదు. లోనికి బోయిన పిమ్మట బోధపడినది.

వాకిట చూరునకు దేవదారువంటి సుగిచెట్టు రెమ్మలతో గట్టిన పెద్ద బంతి వ్రేలాడుచుండెను. క్రొత్త సాకే దిగిన దినములలో దానిని పచ్చగా గట్టుదురు. నెలలు గడచినకొలది రెమ్మలెండి బంతి గోధుమవన్నెకు దిరుగును. లోపలి సాకే యెంత పరిపక్వమైనదో వీధిని బోవువారు దానిని జూచి తెలిసికొందురు. యజమానురాలు అరువదియేండ్లు దాటినది. ఆమెయే మాకెదురువచ్చి, తెల్లని గోడల గదిలో గూర్చుండబెట్టి, ముందుంచిన బల్లపై నైదు పింగాణి గిన్నెలు వరుసగా బెట్టినది.

రుచుల మాటకు ముందు వస్తువును గూర్చి కొంత తెలియవలెను. మన నాటుసారావలె సాకే కాచి దించినది కాదు, పులియబెట్టి వడియగట్టినది. ద్రాక్షరసములో జక్కెర స్వయముగా నున్నది గనుక అది తనంత తాను పులియును. బియ్యములో జక్కెర లేదు. పిండిపదార్థము మాత్రమే కలదు. ఆ పిండిని జక్కెరగా మార్చుటకు జపానువారు వండిన బియ్యముపై నొక జాతి బూజును జల్లి, వెచ్చని గదిలో రెండు దినములు పెంచెదరు. ఆ బూజుపట్టిన బియ్యమే కోజి. కోజి పిండిని జక్కెరగా మార్చుచుండగనే, అదే తొట్టిలో ఈస్టు అను సూక్ష్మజీవి యా చక్కెరను మద్యముగా మార్చుచుండును. తొట్టిలో బియ్యమును, కోజిని, నీటిని ఒక్కమారు పోయరు. నాలుగు దినములలో మూడు మారులు పోయుదురు. రెండవనాడు ఏమియు బోయక యూరకుందురు. ఆ విరామదినమునకు వారు "నాట్యము" అని ముద్దుపేరు పెట్టుకొన్నారు. పిమ్మట మూడు నాలుగు వారములు పులిసిన దానిని బిండి వడియగట్టుదురు. సీసాలో జేరునప్పటికి నూటికి పదునైదు పదునారు పాళ్లు మద్యముండును. అది తక్కువ బలముకాదు, బీరుకు మూడింతలు. ఆ లెక్కను సోదరీమణులు మరువరాదు.

ఇక గిన్నెలు. అవి తెల్లని గిన్నెలు. అడుగున నీలివన్నెతో రెండు వలయములు గీయబడియున్నవి. అది సొగసుకొరకు గాదు. తెలుపుపై జూచినచో సాకే రంగు తెలియును; నీలివలయపు టంచు స్పష్టముగా గనబడినచో సాకే తేటగానున్నట్టు, మసకబారినచో గలక గలదన్నట్టు. పరీక్షచేయు క్రమ మిది: మొదట గన్నులతో జూడవలెను. పిమ్మట వాసన చూడవలెను. పిమ్మట చిన్న చెంచాడు మాత్రము నోటబోసికొని, నాలుకయంతట బరపి, పెదవుల సందున గొంచెము గాలి లోనికి బీల్చి, ఆ గాలిని ముక్కుగుండ విడువవలెను. తుదకు, ప్రక్కనున్న పాత్రలో నుమిసివేయవలెను.

ఈ కడపటి మాట మా మేనకోడలు తెలుగున జెప్పగా మేము నిట్టూర్పు విడిచితిమి. మా పుట్టినింటగాని మెట్టినింటగాని యీ వస్తువు గడప దాటలేదు. మేము చేయి చాపక వెనుదీయుట యజమానురాలు గమనించినది. "అమ్మా, ఇచ్చట నెవ్వరును మ్రింగరు. నేను ముప్పదియేండ్లుగా దినదినమును రుచి చూచుచున్నాను. మ్రింగినచో బదియవ గిన్నెకు నా నాలుక యబద్ధమాడును. అబద్ధమాడు నాలుకతో నీ తొట్ల నెవరు కాపాడెదరు?" అని యామె చెప్పినది.

మొదటి గిన్నె దైగింజో. ముఖమునకు జేర్చగనే పండిన ఆపిలుపండు వాసన వచ్చినది. ఆపిలు అందులో లేశమైనను లేదు. ఆ పరిమళము చల్లదనమున మెల్లగా బులియు నీస్టువలన బుట్టినది. తలలో బూలేల వద్దనిరో మాకప్పుడు తెలిసినది. మా నాయనమ్మ మడికట్టుకొని వండునప్పుడు, నైవేద్యమునకు ముందు రుచి చూడరాదు గనుక, పులుసుపై లేచు నావిరిని వాసన చూచి యుప్పు చాలినదో లేదో చెప్పుచుండెడిది. ఆ ముక్కు మాకు గలిగియున్నచో నీ గిన్నెకు దగిన పరీక్ష జరిగియుండును. నోటబోసికొనగా నది పలుచగా, తేటగా నాలుకపై జారి నిలువక పోయినది.

దీనికి గారణము బియ్యమును అరగదీయుట. మనము దంపుడుబియ్యమును మెచ్చుకొందుము, పైపొరలలోనే బలమున్నదందుము. సాకే చేయువారికి ఆ పైపొరలే శత్రువులు. అందలి మాంసకృత్తులును, క్రొవ్వును రుచిని మొరటు చేయును. గింజ నడుమనున్న తెల్లని పిండియే వారికి గావలసినది. తినుటకు వాడు బియ్యమున నూటికి బదిపాళ్లు మాత్రమే యరుగదీయుదురు. గింజలో నరువదిపాళ్లో, అంతకు దక్కువయో మిగులునట్లు అరుగదీసినచో గింజో. ఏబదిపాళ్లో, అంతకు దక్కువయో మిగిలినచో దైగింజో. అనగా గింజలో సగము పొడియైపోవును. వెల హెచ్చుటకు నిదియే ముఖ్యకారణము. బియ్యపు జాతియు వేరే. యమద నిషికి యను వంగడమునకు హ్యోగో మండలమున 1936లో నా పేరు పెట్టిరి. దానినే నేటికిని మేలైన దానిగా నెంచుదురు.

రెండవ గిన్నె ఫుషిమి జున్మై. జున్మై యనగా గేవలము బియ్యము, కోజి, నీరు మాత్రమే. పైనుండి మద్యము చేర్చరు. ఇందు బండ్ల పరిమళము తగ్గినది. అప్పుడే వార్చిన యన్నపు గమ్మదనము హెచ్చినది. నోట మెత్తగా నిండి, తీపిగా ముగిసినది. మూడవ గిన్నె యుదే జాతి, కాని నాదా తీరమునుండి తెచ్చినది. అది కోబేకును నిషినోమియకును జేరిన తావు. బియ్యమును దాదాపంతే యరుగదీసినదైనను, ఇది సూటిగా, కొంచెము కటువుగా, తీపి లేక ముగిసినది. రెంటికి నింత భేద మేల యని యడుగగా నామె చెప్పిన కథ మాకు మిక్కిలి నచ్చినది.

నాదాలో యమమురా తజయెమొన్ అను వ్యాపారికి నిషినోమియలో నొకటి, ఉవోజాకిలో నొకటి, రెండు కార్ఖానాలుండెను. నిషినోమియ సాకే యెప్పుడును మేలుగానుండెడిది. ఆయన పనివారిని మార్చి చూచెను, బియ్యము నొక్కటిగా జేసి చూచెను, ఫలము లేదు. తుదకు 1840లో నిషినోమియ బావినీరు నువోజాకికి మోయించి దానితో జేయింపగా రెండును సమానమైనవి. మియమిజు అని పేరుపడిన యా నీటిలో నీస్టుకు బలమిచ్చు ఖనిజములు మెండు, రుచిని జెరచు నినుము తక్కువ. అందుచేత నచ్చట చురుకుగా బులియును, చక్కెర మిగులక కటువగును. ఫుషిమి నీరు దానికంటె మెత్తనిది. నెమ్మదిగా బులియును, తీపి నిలుచును. ఒక్కొక్కటిగా మార్చుచు గారణము పట్టుకొనుట యిదియే కదా! పప్పు ఉడుకనప్పుడు కుండను, కట్టెలను, పప్పును మార్చి, తుదకు బావినీటినే తప్పుపట్టు గృహిణికి నీ కథ క్రొత్త కాదు.

నాలుగవది యమహై. ఇందు బులుపు గలదు. మజ్జిగ గుర్తునకు వచ్చినది. గుర్తునకు వచ్చుటకు గారణమును గలదు. 1910 ప్రాంతమునుండి మొదటి పులియబెట్టులోనికి లాక్టిక్ ఆమ్లమును సిద్ధముగా బోయు పద్ధతి వచ్చినది; దానిచే రెండువారములలో దోడు సిద్ధమగును. యమహైలో నట్లు పోయరు. గాలియందును కార్ఖానాయందును ఉండు సూక్ష్మజీవులే పెరుగును బులియజేసినట్లు దానిని బులియజేయువరకు నెల దినములు కాచుకొందురు. అయిదవది కోషు, కొన్నియేండ్లు నిలువయుంచినది. రంగు తేనెవలె, వాసన పాతబెల్లమును వేయించిన జీడిపప్పును గలిసినట్లు. కాని సాకే యెంత పాతబడిన నంత మేలని యెంచరాదు. పెక్కింటిని ఏడాదిలోపలనే వాడవలెను.

ఆపై నామె రెండవ గిన్నెలోని జున్మైనే వేడినీటిలో నిలిపి వెచ్చజేసి మరల నిచ్చినది. అది మారిపోయినది, అన్నపు గమ్మదనము రెట్టించినది, తీపి విచ్చుకొన్నది. వారు వేడికిని చలువకును బెట్టిన పేర్లు వినదగినవి. 5 డిగ్రీలు మంచుచలువ, 10 పూలచలువ, 30 ఎండవేడి, 35 మేనివేడి, 40 గోరువెచ్చన, 50 వేడి. పరిమళమునకై చేసిన దైగింజోను చల్లగాను, జున్మై, యమహైలను వెచ్చగాను ఉంచుట వాడుక.

మేము ఫుషిమి, నాదా గిన్నెలను మరల బోల్చుచుండగా మా మేనకోడలు, "అత్తయ్యా, నాదాది మగ సాకే, ఫుషిమిది ఆడ సాకే అని యిచ్చటి లోకోక్తి" అని చెప్పినది. యజమానురాలు నవ్వినది. "మెత్తనిదెల్ల నాడుది, కటువైనదెల్ల మగవాడు! ఆ పేర్లు పెట్టిననాడు ఆడుది కోజిగది గడప త్రొక్కుటకే వలనుపడదు. మా యత్తగారు ఈ యింట బనివారి కందరకును వండిపెట్టినది. ఆ గదిలో నేమున్నదో చూడకయే కన్ను మూసినది."

సోదరీమణులారా, మాకు ముఖ్యమైనదిక్కడనే కలదు. పూర్వకాలమున నా దేశమందు కోజి లేనప్పుడు బియ్యమును నోట నమలి యుమిసి పులియబెట్టెడివారు. ఆ పని చేసినవారిలో స్త్రీలును గలరు. సాకే కార్ఖానాలోని ప్రధాన నిపుణుని తోజి యందురు. ఆ మాట యింటి యజమానురాలిని దెలుపు ప్రాచీనపదమునుండియే వచ్చినదని కొందరి వాదము. పల్లెలలో నిండ్లయందు స్వంతమునకు జేసికొనుటయు నుండెడిది. పన్నులకై ప్రభుత్వము 1899లో దానిని నిషేధించినది. కార్ఖానాలు పెరిగినకొలది యెదో కాలమునుండి స్త్రీలకు లోనికి బ్రవేశము లేదను నాచారము పాతుకొన్నది. స్త్రీ యశుచియని కొందరు, ఊరగాయలు కలుపు చేతుల సూక్ష్మజీవి కోజిని చెరచునని కొందరు కారణము చెప్పిరి. ఊరగాయ కలుపు చేతిని గడిగికొన్నచో జాలునని యెవరికిని దోచలేదు కాబోలు!

అట్టి దినములలోనే నిషినోమియలో తత్సుఉమ కియో యను వితంతువు (1809–1900) తన యింటి సాకే వ్యాపారమును వృద్ధిలోనికి దెచ్చినది. కాని స్త్రీ గనుక, ముందు గుమాస్తా నిలిచి తాను వెనుకనుండి నడుపవలసివచ్చినది. నేడు హిరోషిమ మండలమున ఇమద మిహో యను నామె తానే తోజి, తానే యజమానురాలు. మూలబడిపోయిన హత్తన్సో యను పాతజాతి వరిని మరల సాగులోనికి దెచ్చి దానితో సాకే చేయుచున్నది. 2020లో బి.బి.సి. వారు లోకమందలి నూర్గురు స్త్రీల పట్టికలో నామె పేరు చేర్చిరి. కోజితో సాకే చేయు నేర్పును 2024 డిసెంబరులో యునెస్కోవారు మానవజాతి వారసత్వములలో నొకటిగా జేర్చిరి. ఆ నేర్పు కోజిగది బయట నన్నము వండిన యత్తగారిదియు గూడ నని మా తలంపు.

ఇప్పుడు జాబు వ్రాసిన సోదరికి బదులు. అమ్మా, మేము సాకేను మెచ్చుకొని నీ యింటికి బంపుటలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో, మద్యమున నిరపాయకరమైన మోతాదన్నది లేదని స్పష్టముగా బ్రకటించినది. గర్భిణులకు చుక్కయైనను గూడదు; స్త్రీలలో రొమ్ము క్యాన్సరు భయమును మద్యము హెచ్చించును. దైగింజోకైనను, నాటుసారాకైనను ఈ మాట యొక్కటే. వెలగల గిన్నెలో బోసినంతమాత్రమున దాని గుణము మారదు.

నెల్లూరు మండలమున దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణమును మూయించిరి. రాత్రిబడిలో జదువుకొన్న యక్షరములు వారికి దోడైనవి. ఆ యుద్యమము రాష్ట్రమంతట బ్రాకి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా యమ్మకము నిషేధింపబడినది. ఆ స్త్రీలు రుచులెంచలేదు. కూలిడబ్బు ఎచ్చట బోవుచున్నదో లెక్కకట్టిరి. ఫుషిమి యజమానురాలు చుక్కచుక్కను గొలుచుచున్నది. వారు రూపాయ రూపాయ గొలిచిరి. రెండును గొలతలే. సీసా యేలిన యింటిలో లేనిది ఆ కొలతయే. త్రాగువాడు రుచినెరుగడు; మూడవ గిన్నెకే వాని నాలుక యబద్ధమాడుట మొదలిడును. రుచినెరిగినవా రుమిసివేయుదురు. స్త్రీలు దేనినైనను దెలిసికొనుట వలన జెడరు. తెలియకుండ గడప బయట నిలువబెట్టబడుటవలననే నష్టపోయిరి. అందుకే వ్రాసితిమి.

సెలవు తీసికొనునప్పుడు యజమానురాలు ఆరవ గిన్నె యిచ్చినది. అందుండినది అమజాకే. మెత్తగా వండిన యన్నములో కోజి కలిపి 55 మొదలు 60 డిగ్రీల వేడిలో నెనిమిది గంటలుంచినచో, అన్నమంతయు దనంత తాను దీపియగును, చక్కెర వేయనక్కరలేదు. వేడిమి అంతకు మించరాదు, మించినచో గోజి శక్తి చచ్చును. ఈస్టు చేరదు గనుక దీనిలో మద్యము లేనట్లే, పసిపిల్లలకును బోయుదురు. సాకే పిండిన పిప్పితో జేసిన అమజాకేయు నొకటి కలదు. దానిలో గొంచెము మద్యముండును గనుక, విదేశములందున్న మన సోదరీమణులు కొనునప్పుడు సీసాపై జదివి, కోజితో జేసినదే తీసికొనవలెను.

చూచుటకు పలుచని పరమాన్నమువలె నున్నది. ఈ గిన్నెను మాత్రము మే ముమియలేదు. అడుగున నీలివలయములు రెండును గనబడువరకు ద్రాగితిమి.

జాబు వ్రాసిన సోదరికి నీ బదులు చాలనిచో మరల వ్రాయవలెను. ఆమె వ్రాసినది, ఆమె కిష్టమైనచో, పేరు లేకుండ నీ పుటలోనే ప్రకటింతుము.